అమ్మకు ఛానెల్ నంబర్లు కంఠతా వచ్చు. డిష్ తీసేయవచ్చా?

గోదావరి గట్టు:
అందరికీ నమస్కారం. మాది రాజమహేంద్రవరం. ఇంట్లో నేను, మా వారు, ఇంటర్ చదివే అబ్బాయి, డెబ్బై నాలుగేళ్ల మా అమ్మ. పదకొండేళ్లుగా డాబా మీద డిష్ ఉంది. దానికి నెలకు 480 రూపాయలు. అబ్బాయి చదువు కోసమని రెండేళ్ల క్రితం పెట్టించిన ఫైబర్ నెట్‌కు మరో 590. మొన్న ఆదివారం కాగితం మీద రాసి చూశాను. ప్యాకేజీలో ఉన్న మూడు వందల చిల్లర ఛానెళ్లలో మేం నిజంగా చూసేవి తొమ్మిది. అందులో ఏడు అమ్మవే.

పైగా గట్టి వాన పడితే చాలు, తెర మీద సిగ్నల్ లేదని రాసి వస్తుంది. మా వారు గొడుగు వేసుకుని డాబా ఎక్కి, డిష్‌ను ఒకసారి తడిమి దిగి వస్తారు. దానివల్ల ఏమీ కాదని ఆయనకూ తెలుసు.

తీసేద్దామంటే అమ్మ గురించే నా బెంగ. ఆమెకు రిమోట్ మీద అక్షరాలు కనిపించవు. నంబర్లు మాత్రం వేళ్లకే తెలుసు. ఒకటి, నాలుగు మీటలు అరిగి నున్నగా అయిపోయాయి. మధ్యాహ్నం ఎస్వీబీసీలో కల్యాణోత్సవం, సాయంత్రం నుంచి స్టార్ మాలో ఒక సీరియల్, జీ తెలుగులో రెండు, రాత్రి ఈటీవీలో వార్తలు. మిగిలిన మూడూ ప్రకటనలు వచ్చినప్పుడు అటూ ఇటూ తిప్పడానికి.

డిష్ లేకుండా ఇవన్నీ వస్తాయా? ఎన్నింటికి విడివిడిగా డబ్బు కట్టాలి? టీవీ 2014లో కొన్నది, స్మార్ట్ టీవీ కాదు. వెనక హెచ్‌డీఎంఐ రంధ్రాలు రెండున్నాయి.

తెగిన తీగ:
హనుమకొండలో మేం డిష్ తీసేసి రెండున్నరేళ్లయింది. మీరు టీవీ మార్చనక్కరలేదు, మామూలు టీవీలో యాప్‌లు చూపించే స్టిక్ ఒకటి హెచ్‌డీఎంఐలో పెట్టుకుంటే సరిపోతుంది. దానికి కరెంటు మాత్రం టీవీ వెనకున్న యూఎస్‌బీ నుంచి ఇవ్వకండి. పాత టీవీ అంత కరెంటు ఇవ్వలేదు, స్టిక్ ఉన్నట్టుండి ఆగి మళ్లీ మొదటికి వస్తుంది. పెట్టెలో వచ్చిన అడాప్టర్‌నే గోడ ప్లగ్గులో పెట్టండి.

ఇక ఛానెళ్లు. ఎవరి సరుకు వారి కొట్టులోనే దొరుకుతుంది. స్టార్ మా సీరియళ్లు జియోహాట్‌స్టార్‌లో, జీ తెలుగువి జీ5లో, జెమినివి సన్ నెక్స్ట్‌లో, ఈటీవీవి ఈటీవీ విన్‌లో. అన్నీ కొన్నారంటే మిగులుతుందనుకున్న డబ్బు అక్కడే కరిగిపోతుంది. మీ అమ్మగారి జాబితాలో జెమిని లేదు కాబట్టి సన్ నెక్స్ట్ వదిలేయవచ్చు. వార్తలకు, ఎస్వీబీసీకి పైసా కట్టనక్కరలేదు, యూట్యూబ్‌లో ప్రత్యక్షంగా వస్తాయి. కొనేముందు ఆ ప్లాన్ టీవీలో పనిచేస్తుందో లేదో చూడండి. చవకవి కొన్ని ఫోనుకే పరిమితం. నేను ఏడాదికి కట్టేసి, సాయంత్రం టీవీలో పెట్టబోయి నాలుక కరచుకున్నాను.

వేగం గురించి బెంగ వద్దు, హెచ్‌డీ బొమ్మకు 5 ఎంబీపీఎస్ చాలు. రూటర్ ఎక్కడుందన్నదే ముఖ్యం. మా ఇంట్లో అది స్టీలు బియ్యం డబ్బా వెనక ఉండేది. అక్కడినుంచి తీసి అలమర మీద పెట్టాక సగం రోగాలు పోయాయి. ఒక్క క్రికెట్టే బాధ. వెనక వీధిలో కేబుల్ ఉన్న ఇంట్లో కేక వినిపించిన అర నిమిషానికి మా తెర మీద వికెట్ పడుతుంది.

పాత ఆపరేటరు:
తణుకు దగ్గర మాకు కేబుల్ ఉంది, కాబట్టి నా మాటలో సగం తీసేసి చదువుకోండి. ఈటీవీ, జెమిని రెండూ 1995లో మొదలయ్యాయి. ఆ ఏడాదే మా నాన్న కొబ్బరిచెట్లకు తీగ కట్టి నలభై ఇళ్లకు కనెక్షన్ ఇచ్చారు. కరోనా తర్వాత మా కనెక్షన్లు దాదాపు సగానికి పడిపోయాయి. వెళ్లిపోయిన వాళ్ల మీద నాకేమీ కోపం లేదు.

అయితే అమ్మా, ఆ 480 దేనికి కడుతున్నారో ముందు విడదీసి చూడండి. 2019 ఫిబ్రవరి నుంచి టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ పద్ధతి ప్రకారం కావలసిన ఛానెల్‌ను విడిగా ఎంచుకునే హక్కు మీకుంది. అప్పట్లో నెట్‌వర్క్ రుసుము, అంటే కనెక్షన్ కోసం కట్టేది, గరిష్ఠంగా 130, పన్నుతో కలిపి 153 రూపాయల 40 పైసలు. 2024లో ఆ పరిమితి తీసేశారు, ఇప్పుడు కంపెనీని బట్టి ఉంటుంది. దాని మీద మీరు కోరుకున్న పే ఛానెళ్ల ధర. విడిగా 19 రూపాయలు దాటిన ఛానెల్‌ను ప్యాకేజీలో కలపకూడదు. ఆ లెక్కన స్టార్ మా, జీ తెలుగు, ఈటీవీ ఒక్కొక్కటి 19 అనుకున్నా 57, పైన పన్ను. ఎస్వీబీసీ ఎలాగూ ఉచితమే. ఈ లెక్క మా వాళ్లు తమంతట తాము చెప్పరు. ప్యాకేజీలోనే నాలుగు డబ్బులు మిగులుతాయి మరి.

సెలవు మాస్టారు:
నరసరావుపేట నుంచి. మా పెంకుటింట్లో డీడీ ఫ్రీ డిష్ ఉంది. 2004లో దూరదర్శన్ మొదలుపెట్టింది, నెల నెలా కట్టేది ఏమీ లేదు. సప్తగిరి, యాదగిరి వస్తాయి. కానీ ఎక్కువ భాగం హిందీయే. స్టార్ మా, జీ తెలుగు లాంటి పే ఛానెళ్ల కోసమైతే దాని జోలికి వెళ్లకండి.

యాప్‌ల మీద నా ఫిర్యాదు వేరే. ఏం చూడాలో మనమే తేల్చుకోవాలి. నాకు టీవీ అంటే నడుస్తూ ఉండేది. వెళ్లి కూర్చుంటే ఏదో ఒకటి మధ్యలో ఉండాలి. మా అబ్బాయి పెట్టించిన దానిలో అరగంట వెతికి, అలసిపోయి పడుకుంటున్నాను.

గోదావరి గట్టు:
ఆరు వారాల తర్వాత రాస్తున్నాను, ఆలస్యానికి మన్నించండి. డిష్ విప్పలేదు, ఒక నెల రీఛార్జి మాత్రం ఆపాం. స్టిక్ పెట్టి, మూడు యాప్‌లూ నెల లెక్కన తీసుకున్నాం.

మొదటి రోజే ఒక యాప్ తెరవగానే నాలుగు బొమ్మలు చూపించి ఎవరు చూస్తున్నారని అడిగింది. "ఎదురుగా కూర్చున్నది నేనే కదా, దీనికెందుకు చెప్పడం?" అంది అమ్మ. మాట్లాడితే వెతికే మీట చూపించాను. ఆమె దాన్ని నొక్కి పట్టుకుని, "నాయనా, నిన్న రాత్రిది సగంలో నిద్రపోయాను, అక్కడినుంచి పెట్టు" అంది. వంటల వీడియోలు వచ్చాయి. మాస్టారూ, మీరన్న మాటే రెండో వారంలో ఆమె కూడా అంది.

ప్రకటనలు లేకపోవడం ఆమెకు సుఖం అనుకున్నాను. "మరి కూర ఎప్పుడు కలిపేది?" అని అడిగింది. అప్పుడు ఆపే మీట నేర్పాను. అది మాత్రం ఆమెకు తెగ నచ్చింది. పాలు పొంగినా, పక్కింటావిడ వచ్చినా, తెర మీద అత్తగారు నోరు తెరిచినది తెరిచినట్టే నిలబడిపోవాలి.

ఇరవయ్యో రోజున మురుగుకాలువ కోసం వీధి తవ్వారు. ఫైబర్ తెగి రెండు రోజులు నెట్ లేదు. ఆ రెండు రాత్రులు అమ్మ నల్లటి తెర ముందు కూర్చుని జపం చేసుకుంది. ఒక్క మాట అనలేదు, అదే నాకు భరించరానిదైంది. మూడో రోజు డిష్ కంపెనీకి ఫోను చేసి ఆపరేటరు గారు చెప్పినట్టు మూడు ఛానెళ్లే కావాలన్నాను. వాళ్లు ఏదో పెద్ద పేరున్న ప్యాకేజీ గురించి పది నిమిషాలు చెప్పారు. నేనూ వినిపించుకోలేదు. ఇప్పుడు నెలకు 229 అవుతోంది. జీ5, ఈటీవీ విన్ మానేశాం. జియోహాట్‌స్టార్ ఒక్కటీ అబ్బాయి క్రికెట్ కోసం ఉంచాం. అర నిమిషం ఆలస్యం నిజమేనట, వాడు కిటికీ మూసుకుని చూస్తున్నాడు.

అమ్మ మళ్లీ పాత రిమోట్, పాత నంబర్లు. మొన్న గురువారం పాలు పొంగుతుంటే అలవాటుగా ఏదో మీట నొక్కి వంటింట్లోకి వెళ్లింది. వచ్చేసరికి సీరియల్ ఆగకుండా ముందుకు వెళ్లిపోయింది. అప్పటినుంచి డిష్ పాడైందని, ఎవరినైనా పిలిపించి బాగు చేయించమని నన్ను సతాయిస్తోంది.