గుడ్లు బాగానే ఉన్నాయి, కోళ్లు చనిపోతున్నాయి: ముందు పరీక్షా, మందా?

ప్రశ్న (చీపురుపల్లి):
నమస్కారం. మా లేయర్ (గుడ్లు పెట్టే) కోళ్లు కొద్ది రోజులుగా మేత తగ్గించాయి. కొన్నింటి జుట్టు పాలిపోయింది, రెట్ట పసుపు కలిసిన ఆకుపచ్చ రంగులో పలచగా పడుతోంది, చావులూ మొదలయ్యాయి. దిగుబడి పడిపోయినా, వచ్చిన గుడ్లు చూడటానికి బాగానే ఉన్నాయి. మందుల దుకాణంలో యాంటీబయాటిక్‌ను నీళ్లలో కలపమంటున్నారు. ముందుగా పరీక్ష అవసరమా? ఈ గుడ్లను అమ్మవచ్చా?

జవాబు (పశువైద్యుడు, గరివిడి):
మందు పెట్టకముందే పరీక్ష చేయించండి. యాంటీబయాటిక్ పడ్డాక కల్చర్‌లో (నమూనాలోని బ్యాక్టీరియాను ప్రయోగశాలలో పెంచి చూసే పరీక్షలో) బ్యాక్టీరియా పెరగకపోవచ్చు గాని, రోగాన్ని మోసే కోళ్లు మాత్రం మందలో మిగిలిపోతాయి. మీరు చెప్పిన లక్షణాలు సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియాలో ఒక రకం వల్ల కోళ్లకు వచ్చే ఫౌల్ టైఫాయిడ్‌కు సరిపోతాయి. అయితే కొక్కెర తెగులు (రాణీఖేత్)లోనూ ఆకుపచ్చ రెట్ట పడుతుంది కనుక పైచూపుతో తేల్చలేము. అప్పుడే చనిపోయిన కోడిని కోసినప్పుడు కాలేయం ఉబ్బి కంచు రంగుకు తిరిగి ఉన్నా, అండాశయంలోని సొనలు ముడుచుకుపోయి, రంగు మారి, కాడలకు వేలాడుతున్నా సాల్మొనెల్లాను అనుమానించాలి. పొట్టలో సొన పగిలి, అండవాహికలో జున్నులాంటి గడ్డలు ఉంటే ఈ-కోలి అనే మరో బ్యాక్టీరియా కావచ్చు. బతికున్న కోళ్లకు ప్లేట్ పరీక్ష ఉంది: రక్తపు చుక్కను రంగు వేసిన యాంటిజెన్‌తో (చంపిన సాల్మొనెల్లా ఉన్న ద్రవంతో) కలిపితే, రోగం సోకిన కోడి రక్తం రెండు నిమిషాల్లో రవ్వలుగా విడుతుంది. అది ఏ రకం సాల్మొనెల్లాయో తేలాలంటే కాలేయం, అండాశయం నుంచి కల్చర్ చేయవలసిందే.

జవాబు (కోళ్ల రైతు, రాజాం):
చనిపోయిన కోడితో పాటు జబ్బుగా ఉన్న కోళ్లను కూడా పశువ్యాధి నిర్ధారణ ప్రయోగశాలకు తీసుకువెళ్లండి; చచ్చినదాన్ని ఐస్ పెట్టెలో పెట్టండి. చచ్చిన మిగతా కోళ్లను దయచేసి గెడ్డలో పారేయవద్దు, సున్నం చల్లి లోతుగా పాతిపెట్టండి.

జవాబు (పశువైద్యుడు, గరివిడి):
గుడ్ల సంగతి మిగిలిపోయింది. ఫౌల్ టైఫాయిడ్ ప్రధానంగా కోళ్ల రోగమే. మనుషులకు ఎక్కువ ప్రమాదం సాల్మొనెల్లా ఎంటెరిటిడిస్ అనే మరో రకం వల్ల. అది సోకిన పెట్ట ఆరోగ్యంగానే కనిపించవచ్చు, పెంకు కట్టకముందే బ్యాక్టీరియా గుడ్డులోకి చేరుతుంది, కనుక శుభ్రమైన పెంకును చూసి ధైర్యపడలేము. ప్లేట్ పరీక్ష ఈ రెండు రకాలకూ స్పందించవచ్చు. అందుకే కల్చర్ ఫలితం వచ్చేవరకు అమ్మకం ఆపండి. మందు వాడవలసివస్తే, ఆ మందుకు నిర్ణయించిన విరామకాలం ముగిసేదాకా గుడ్లు బయటికి పంపకూడదు. పచ్చిగుడ్డును పాలలో కలిపి పిల్లలకు తాగించే అలవాటు ఇంట్లో ఉంటే వెంటనే మాన్పించండి. తెల్లసొన, పచ్చసొన రెండూ గట్టిపడేలా ఉడికిస్తే సాల్మొనెల్లా చనిపోతుంది.