48 ఏళ్లకు కండ తగ్గకుండా ఉండాలంటే ఈఏఏ పొడి వాడాలా, పప్పూ గుడ్డూ పాలూ చాలవా?

గడప48 అడిగింది:

వయసు 48, బరువు 62 కిలోలు, ఎత్తు 157 సెం.మీ. ఏడాదిగా నెలసరి సరిగా రావడం లేదు. థైరాయిడ్ మాత్ర 50 మైక్రోగ్రాములు. గుడ్డు, పాలు తింటాను, మాంసం, చేపలు తినను. బరువు మారలేదు గానీ నడుము చుట్టుకొలత పెరిగింది, తొడలు, జబ్బలు సన్నబడ్డాయి. రోజూ 40 నిమిషాలు నడక.

తిండి: పొద్దున 3 ఇడ్లీలు, పల్లీ చట్నీ. మధ్యాహ్నం అన్నం (బియ్యం 100 గ్రాములు), పప్పు, కూర, పెరుగు. రెండుసార్లు టీ. రాత్రి 2 పుల్కాలు, కూర, మజ్జిగ.

ఎసెన్షియల్ అమైనో యాసిడ్స్ (ఈఏఏ) పొడి వాడితే కండ నిలబడుతుందంటున్నారు. నిజమేనా? వాడితే ఎంత, ఎప్పుడు? బీసీఏఏ, కొల్లాజెన్ పొడులు కూడా ఇదే పని చేస్తాయా?

పథ్యం (డైటీషియన్):

మీరు రాసిన తిండినే ముందు లెక్క వేద్దాం. ఇడ్లీకి సుమారు 2 గ్రాముల ప్రోటీన్, చట్నీలో పల్లీలు 15 గ్రాములనుకుంటే ఇంకో 3. అంటే పొద్దున 9. మధ్యాహ్నం బియ్యంలో 8, పప్పు మీ వంతుకు 20 గ్రాములైతే 4, కూర, పెరుగు కలిపి 5, మొత్తం 17. టీ పాలలో 4. రాత్రి 9. రోజంతా కలిపినా 40 గ్రాములు దాటడం లేదు.

ఐసీఎంఆర్-ఎన్ఐఎన్ (హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ) 2020 సిఫారసు కిలో బరువుకు 0.83 గ్రాములు, తిండిలో బియ్యం, గోధుమలదే పెద్ద వాటా అయితే 1 గ్రాము. ఆ లెక్కన మీకు 62. 65 దాటినవాళ్లకు 1 నుంచి 1.2 గ్రాములని 2013లో ప్రాట్-ఏజ్ అనే అంతర్జాతీయ నిపుణుల బృందం చెప్పింది. మెనోపాజ్ దశలో ఉండి బరువులు ఎత్తే వ్యాయామం మొదలుపెట్టేవాళ్లకు కూడా నేను 1.2 పెడతాను. మీకు అది 74 గ్రాములు. సగం దగ్గర ఉన్నారు కాబట్టి పొడి సంగతి తర్వాత.

బరువు మారకుండా నడుము పెరగడం ఈ దశలో మామూలుగా కనిపించేదే. అమెరికాలో మధ్యవయసు మహిళలను ఏళ్ల తరబడి గమనించిన స్వాన్ అధ్యయనంలో కూడా నెలసరి ఆగే ముందు రెండేళ్లు, ఆగాక రెండేళ్లు కొవ్వు వేగంగా పెరిగి కండ తగ్గింది. తూకం యంత్రం చూపే అంకెలో ఈ మార్పు కనబడదు. నెలకోసారి టేపుతో నడుము, పిక్క కొలుచుకోండి.

ఇక అమైనో ఆమ్లాలు. ఒంట్లో తయారుకానివి 9: లూసిన్, ఐసోలూసిన్, వాలిన్, లైసిన్, మెథియోనిన్, ఫినైల్‌అలనిన్, త్రియోనిన్, ట్రిప్టోఫాన్, హిస్టిడిన్. కండ కట్టే పనిని మొదలుపెట్టించేది లూసిన్, అయితే కట్టడానికి మిగతా ఎనిమిదీ అందుబాటులో ఉండాలి. వయసు పెరిగేకొద్దీ కండ కాస్త మొండికేస్తుంది. చిన్నవయసులో పూటకు 2 గ్రాముల లూసిన్‌తో కదిలేది, తర్వాత 2.5 నుంచి 3 దాకా అడుగుతుంది. మూడిడ్లీల ఫలహారంలో 0.7 గ్రాములే ఉంది.

బియ్యంలో లైసిన్ తక్కువ, పప్పుల్లో మెథియోనిన్ తక్కువ. పప్పన్నం ఒకదాని లోటు ఒకటి తీరుస్తుంది, కానీ పప్పు వంతు సరిపడా పడాలి. పచ్చి బరువులో ధాన్యం 3 వంతులకు పప్పు 1 వంతు వేయండి. పల్చటి చారులో మీ గిన్నెలోకి వచ్చే కందిపప్పు 10 గ్రాములుంటే ఎక్కువ, అంటే 2 గ్రాముల ప్రోటీన్. వండిన పప్పును గరిటెలతో లెక్కపెట్టొద్దు, ఎంత నీళ్లు పోశారో గరిటెకు తెలియదు. వండకముందు తూచి, తినేవాళ్ల సంఖ్యతో భాగించండి.

మీకు నేను రాసే పట్టీ ఇది. ప్రోటీన్, లూసిన్ అంకెలన్నీ దగ్గరి అంచనాలే.

పొద్దున: పెసలు 60 గ్రాములతో రెండు పెసరట్లు (14), పనీర్ తురుము 50 గ్రాములు (9), పాలు 200 మి.లీ. (6.5). మొత్తం 29 పైన, లూసిన్ 2.5. పనీర్ బదులు రెండు గుడ్లు వేస్తే 33, లూసిన్ 2.7. పెసరట్టులో ఉప్మా పెట్టుకుంటే కెలొరీలు పెరుగుతాయి గానీ లెక్క పెద్దగా కదలదు.

మధ్యాహ్నం: బియ్యం 75 గ్రాములు (6), కందిపప్పు 40 గ్రాములు (8.5), మీల్‌మేకర్ (సోయా ముక్కలు) ఎండువి 25 గ్రాములు (13), పెరుగు 150 గ్రాములు (5). మొత్తం 32, లూసిన్ 2.6.

రాత్రి: 2 పుల్కాలు (5), సెనగలు 40 గ్రాములతో కూర (8), పెరుగు 100 గ్రాములు (3). మొత్తం 16, లూసిన్ 1.2 దగ్గర ఆగిపోతుంది. రోజు మొత్తం టీ పాలు కాక 77 వస్తుంది, లక్ష్యం దాటినట్టే. లూసిన్ లోటు ఉన్నది ఈ ఒక్క పూటలో.

ఈఏఏ పొడికి చోటు అక్కడే. లూసిన్ 40 శాతం ఉండే పొడి 3 గ్రాములు రాత్రి భోజనంతో తీసుకుంటే 1.2 గ్రాముల లూసిన్ కలిసి 2.4కు చేరుతుంది. పెద్దవయసు మహిళల్లో ఇలాంటి పొడి 3 గ్రాములు, వే (పాల విరుగుడు తేట) ప్రోటీన్ 20 గ్రాములతో సమానంగా కండ తయారీని పెంచిందని 2015లో ఒక పరిశోధన వచ్చింది. అయితే అది కొన్ని గంటల కొలత. మూడు నెలల కొలత కావాలంటే టోక్యోలో 75 దాటి కండ తగ్గిన 155 మంది మహిళలతో చేసిన ప్రయోగం ఉంది, 2012లో అచ్చయింది. 3 గ్రాములు రోజుకు రెండుసార్లు, దానితో వారానికి రెండు రోజుల వ్యాయామం. రెండూ చేసినవాళ్లలోనే కాళ్ల బలం గట్టిగా పెరిగింది. మీరు వాళ్లకంటే 27 ఏళ్లు చిన్న, కాబట్టి ఆ ఫలితం అచ్చంగా మీకు వర్తిస్తుందని చెప్పను. పొడి ఒక్కటే మింగి కూర్చుంటే కాళ్ల బలం పెరగదన్న మాట మాత్రం మీకూ వర్తిస్తుంది. పొడి వద్దనుకుంటే రాత్రి పూట రెండు గుడ్లు చేర్చండి, దాదాపు అదే లెక్క వస్తుంది.

బీసీఏఏలో తొమ్మిదింట్లో మూడే (లూసిన్, ఐసోలూసిన్, వాలిన్) ఉంటాయి. మిగతా ఆరు లేకుండా కండ కట్టే పని సాగదు, డబ్బు దండగ. కొల్లాజెన్‌లో ట్రిప్టోఫాన్ అసలుండదు, లూసిన్ 3 శాతం చుట్టూ ఉంటుంది. డబ్బా మీద 10 గ్రాముల ప్రోటీన్ అని ఉన్నా కండ లెక్కలో వేసుకోకండి.

వంటలో రెండు జాగ్రత్తలు. పెసలు రాత్రంతా నానబోసి ఆ నీళ్లు పారబోయండి. బెంగళూరు సెయింట్ జాన్స్ వాళ్లు మన దేశపు పెద్దలలోనే కొలిచి చూస్తే గుడ్డు, కోడిమాంసంలోని అమైనో ఆమ్లాలు దాదాపు 90 శాతం ఒంటబట్టాయి, పెసల్లో బాగా తక్కువ, పొట్టు తీస్తే పెరిగింది. కడుపుబ్బరం ఉంటే పొట్టు తీసిన పప్పుతోనే అట్టు పోసుకోండి. మీల్‌మేకర్ ఉప్పునీళ్లలో 5 నిమిషాలు ఉడికించి, చల్లటి నీళ్లలో వేసి రెండుసార్లు గట్టిగా పిండాలి. పిండకపోతే పచ్చివాసన కూరంతా పట్టేస్తుంది, మసాలా లోపలికి పోదు. మొదటి వారం 15 గ్రాములతో ఆపండి, ఒక్కసారిగా పెంచితే గ్యాస్ తప్పదు.

బరువుబల్ల (స్ట్రెంత్ కోచ్):

పథ్యం గారి లెక్క పక్కన ఇది కూడా పెట్టుకోండి. 40 నిమిషాల నడక గుండెకు మంచిది, మానొద్దు. కానీ ఎంత నడిచినా కండకు మోత పెరగదు, అందుకే తొడలు సన్నబడ్డాయి.

ముందు ఒక పరీక్ష. చేతుల్లేని కుర్చీ, గోడకు ఆనించి. చేతులు ఛాతీ మీద కట్టుకుని 5 సార్లు పూర్తిగా లేచి కూర్చోండి. ఆసియా దేశాలకు 2019లో పెట్టిన ప్రమాణం ప్రకారం 12 సెకన్లు, అంతకుమించి పడితే కాళ్ల సత్తువ తగ్గినట్టు. పిక్క చుట్టుకొలత 33 సెం.మీ. కంటే తక్కువున్నా డాక్టరుకు చూపించండి.

వారానికి రెండు లేదా మూడు రోజులు, మధ్యలో ఒక రోజు ఖాళీ. ఒక్కో వ్యాయామం 8 నుంచి 12 సార్లు, మూడు విడతలు, విడతల మధ్య 90 సెకన్లు. కుర్చీలోంచి లేవడం, 5 కిలోల బియ్యం సంచీ ఛాతీకి హత్తుకుని. నడుం నిటారుగా ఉంచి తుంటి దగ్గర వంగి, 5 లీటర్ల నీళ్ల క్యాన్లు రెండు చేతులతో ఎత్తడం. వంటగది గట్టుకు చేతులానించి పుష్-అప్. కిటికీ ఊచకు రబ్బరు బ్యాండు కట్టి వెనక్కి లాగడం. మెట్టు అంచున మడమలు లేపడం.

ఎక్కువమంది చెడేది ఇక్కడే: ఆ 5 కిలోలతోనే ఆరు నెలలు చేస్తారు. మూడు విడతల్లోనూ 12 సార్లు రెండు రోజులు వరసగా చేయగలిగితే కిలో, రెండు కిలోలు పెంచాలి. విడత చివరికొచ్చేసరికి ఇంకో రెండుసార్లు మాత్రమే చేయగలనన్నంత బరువుండాలి. ఇంకో పది చేయగలిగితే బరువు చాలనట్టు. మోకాలు నొప్పైతే మానేయకుండా కుర్చీ మీద మందపాటి దిండు వేసి ఎత్తు పెంచండి, మోకాళ్లు లోపలికి వాలుతున్నాయేమో అద్దంలో చూసుకోండి.

ఒకటి చేయకండి: నడుము తగ్గాలని తిండి సగం కోయడం. వ్యాయామం లేకుండా పస్తులతో తగ్గిన బరువులో సుమారు నాలుగో వంతు కండే పోతుంది.

మందులచీటీ (ఫార్మసిస్ట్):

థైరాయిడ్ మాత్ర పరగడుపున నీళ్లతో, తర్వాత 30 నుంచి 60 నిమిషాలు ఏమీ తీసుకోకండి. కాల్షియం, ఐరన్ మాత్రలకు 4 గంటల ఎడం. సోయా ఈ మాత్ర ఒంటబట్టడాన్ని తగ్గిస్తుంది, అందుకే మీల్‌మేకర్ మధ్యాహ్నం ఉండటం మంచిదైంది, పొద్దుటికి మార్చకండి. కొత్త తిండి మొదలుపెట్టిన 6–8 వారాలకు థైరాయిడ్ రక్తపరీక్ష టీఎస్‌హెచ్ చూపించుకోండి.

ప్రోటీన్ పెంచేముందు కిడ్నీ పనితీరు తెలిపే క్రియాటినిన్, ఈజీఎఫ్ఆర్, మూత్రంలో అల్బుమిన్ పరీక్షలు చేయించండి. ఇవి చూడకుండా డబ్బా కొనొద్దు. ముఖ్యంగా షుగర్, బీపీ ఉన్నవాళ్లు, కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న శ్రీకాకుళం ఉద్దానం వైపు వాళ్లు. కండ తక్కువున్నవాళ్లలో క్రియాటినిన్ తక్కువే కనబడి, కిడ్నీ బాగున్నట్టు భ్రమ పెడుతుంది. అనుమానముంటే సిస్టాటిన్-సి రక్తపరీక్ష అడగండి. ఈజీఎఫ్ఆర్ 60 కంటే తక్కువుంటే 1.2 లెక్క కిడ్నీ డాక్టరు ఒప్పుకుంటేనే. పార్కిన్సన్స్‌కు లీవోడోపా వాడేవాళ్లకు ఈ పొడులు మందుతో పోటీపడతాయి, అడక్కుండా వద్దు.

డబ్బా మీద ఎఫ్ఎస్ఎస్ఏఐ (ఆహార భద్రతా సంస్థ) 14 అంకెల నంబరు ఉండాలి. తొమ్మిదీ విడివిడిగా ఎన్ని మిల్లీగ్రాములో రాసుండాలి. అన్నీ కలిపి ‘బ్లెండ్’ అని ఒకే అంకె వేస్తే పక్కన పెట్టేయండి. వే అయితే 100 గ్రాముల ప్రోటీన్‌కు లూసిన్ 10 గ్రాముల చుట్టూ ఉండాలి. గ్లైసిన్, టారిన్ విడిగా కలిపి ఉంటే నైట్రోజన్ లెక్క పెంచడానికి కలిపి ఉండొచ్చు. ప్రోటీన్‌ను కొలిచేది నైట్రోజన్‌తో కాబట్టి ఆ కల్తీ అంకెల్లో దొరకదు.

పొడి చేదుగా ఉంటుంది. 200 మి.లీ. చల్లటి నీళ్లలో నిమ్మరసం పిండి కలపండి. లూసిన్ తొందరగా కరగక పైన తెట్టులా తేలుతుంది, పాడైందనుకోకండి. మూత బిగించి ఊపి వెంటనే తాగేయండి.

గడప48:

అందరికీ ధన్యవాదాలండీ. కార్తీక మాసం నెలంతా గుడ్డు తినను, సోమవారాలు రాత్రి ఒక్కపూటే భోజనం. అప్పుడెలా?

పథ్యం:

గుడ్డు మానేసిన నెలంతా పనీర్ పట్టీ నడపండి. సోమవారం పగలు పాలు, పండు పుచ్చుకునే అలవాటుంటే పాలు 250 మి.లీ. చొప్పున రెండుసార్లు తాగండి, 16 గ్రాములు వస్తాయి. రాత్రి నక్షత్రం చూశాక పప్పు 40 గ్రాములు, పనీర్ 75 గ్రాములు, పెరుగు 200 గ్రాములు, అన్నం ఒక కప్పు. ఇది 30 దాటుతుంది. ఆ ఒక్కరోజు 74 రాదు, ఫరవాలేదు. బరువులు సోమవారం పెట్టుకోకుండా మంగళ, గురు, శనివారాలకు జరపండి. థైరాయిడ్ మాత్ర మాత్రం ఉపవాసమైనా మానొద్దు.