చర్చ: వేలం ముగియకముందే ‘నేరుగా మాట్లాడుకుందాం’ అంటున్న అమ్మకందారు

పాతరూపాయి:
ఈబే వేలం సైటులో చివరి నిజాం ఉస్మాన్ అలీఖాన్ కాలపు చార్మినార్ రూపాయి ఒకటి వేలానికి వచ్చింది. అమ్మే వ్యక్తి అమెరికాలో ఉన్నాడు. అంచు ఫొటో ఇంకొకటి పంపమని సైటులోనే అడిగాను. పంపాడు. అయితే నాణెం పక్కన ఒక చీటీ, దాని మీద చేత్తో రాసిన మెయిల్ చిరునామా, కింద ‘వేలం ఆపేస్తాను, తక్కువకు ఇస్తాను’ అని ఒక ముక్క! ఇలాంటిది మీలో ఎవరికైనా ఎదురైందా?

తపాలాబిళ్ల:
చీటీ మీద రాశాడంటేనే అతని సంగతి తెలిసిపోతోంది. టైపు చేస్తే సైటు పట్టేస్తుందని ఆ తంటా. అమ్మకం కుదరకముందు ఫోను నంబర్లు, మెయిళ్లు ఇచ్చిపుచ్చుకోవడం అక్కడ నిషిద్ధం. మన మీద ప్రేమతో మాత్రమే పెట్టిన నియమం కాదు లెండి, వాళ్ల కమీషన్ గొడవ వాళ్లది. కానీ బయట డబ్బు కట్టాక నాణెం రాకపోతే సైటు పూచీ పడదు.

డాలస్_తెలుగు:
2000ల మొదట్లో ఎవరు ఎంతకు పాడారో ఖాతా పేర్లతో సహా అందరికీ కనిపించేది. ఒక పాత కెమెరా పాటలో నేను రెండో స్థానంలో ఆగిపోయాను. మర్నాడే మెయిల్: ‘గెలిచినవారు డబ్బు కట్టలేదు, మీకే ఇస్తాను, డబ్బు వైర్ ద్వారా, అంటే నేరుగా బ్యాంకు బదిలీగా పంపండి.’ అనుమానం వచ్చి సైటు ద్వారా అసలు అమ్మకందారును అడిగితే, కెమెరా గెలిచినవారికి పంపేశానన్నాడు. ఆ మెయిల్ రాసింది ఎవరో మూడో మనిషి! ఇలాంటి మోసాలు ముదిరాకే పాడేవారి పేర్లు దాచడం మొదలైంది. ఇప్పుడు కనిపించేవి రెండు అక్షరాలు, మధ్యలో నక్షత్రాలు, అంతే. ఓడినవారికి అమ్మకందారు నిజంగానే రెండో అవకాశం ఇవ్వవచ్చు. అయితే అది మన ఈబే ఖాతాలోని సందేశాల్లో ఉండి తీరాలి. అక్కడ లేకపోతే ఆ మెయిల్ చెత్తబుట్టకే.

గోదావరిగట్టు:
ఆ నక్షత్రాలతోనే నాకు పేచీ. మా ఊరి చేపల చెరువు వేలంపాటలో ఎవరు ఎవరి మనిషో అందరికీ తెలుసు. దొంగపాట పాడితే అక్కడే నిలదీస్తారు. ఇక్కడ అమ్మేవాడు తన స్నేహితుడి చేత ధర పెంచిస్తే నాకెలా తెలుస్తుంది?

తపాలాబిళ్ల:
పేరు లేకపోయినా పక్కన ఫీడ్‌బ్యాక్ సంఖ్య, అంటే పాత లావాదేవీల మీద ఇతరులిచ్చిన అభిప్రాయాల లెక్క ఉంటుంది. సున్నా ఉన్న ఖాతా ఒకే అమ్మకందారు సరుకు మీద పదేపదే పాడి, చివర్లో తప్పుకుంటోందేమో గమనించండి. ఫిర్యాదు చేయవచ్చు.

గోదావరిగట్టు:
చేశాను. ఏం చర్య తీసుకున్నారో చెప్పలేదు. అదీ గోప్యతేనట!

బెజవాడ_పుస్తకాలు:
నేను పాత పుస్తకాలు అమ్ముతాను, వేలంలో కాదు, ప్రకటనల సైటులో. బేరం కుదిరాక దాచడానికి ఏముంటుందండీ? పేరు, చిరునామా, ఫోను నంబరు పార్సిల్ మీద పెద్ద అక్షరాలతో రాసి ఊళ్లు దాటిస్తాం. ఒకాయన వ్యాకరణ పుస్తకం కొని, ఆ తర్వాత రోజూ రాత్రి పది దాటాక ‘భోజనం అయిందా’ అని సందేశాలు పెట్టేవాడు. అప్పటి నుంచి అమ్మకాలకు వేరే సిమ్ వాడుతున్నాను. పార్సిల్ మీద పంపినవారి చిరునామాగా మా అన్నయ్య కొట్టుది రాస్తాను. ఇక కొంటామంటూ క్యూఆర్ కోడ్ పంపి, ‘స్కాన్ చేసి పిన్ కొట్టండి, డబ్బు పడుతుంది’ అనేవాళ్లు ఇప్పటికీ తగులుతున్నారు. యూపీఐలో డబ్బు అందుకోవడానికి పిన్‌తో పనే లేదు. ఎవరైనా అలా పిన్ కొట్టేసి ఉంటే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేయండి.

డాలస్_తెలుగు:
కొట్టు చిరునామా ఆలోచన బాగుంది. ఇక్కడ నేను తపాలా కార్యాలయంలో పెట్టె అద్దెకు తీసుకున్నాను, ఇంటి చిరునామా ఎవరికీ వెళ్లదు. పాతరూపాయి గారూ, ఇంతకీ ఏం చేశారు?

పాతరూపాయి:
చీటీ ఉన్న ఫొటోతో సహా సైటుకు ఫిర్యాదు పంపి, ఆ వేలం వదిలేశాను. అలాంటి రూపాయే ఇంకొకరి దగ్గర దొరికింది, పాట ఆదివారం ముగుస్తుంది. నా గరిష్ఠ ధర ముందే పెట్టేశాను. దాన్ని సైటు ఎవరికీ చూపదు, నేనూ ఇక్కడ చెప్పను. గోదావరిగట్టు గారు కూడా నిజాం నాణేలు సేకరిస్తారని నాకు తెలుసు.