‘బనానా ఫిష్’ కథను 1985 నుంచి 2018కి తేవడం అవసరమా?

సందేహి:
ముందుగా ఒక హెచ్చరిక. ‘బనానా ఫిష్’ అనిమే (జపాన్ యానిమేషన్ ధారావాహిక) కథంతా, ముగింపుతో సహా, ఇక్కడ మాట్లాడుకోబోతున్నాం. చూడనివారు 24 భాగాలూ చూసి వస్తే మంచిది.

చూసి చాలాకాలమైనవారి కోసం రెండు ముక్కలు. న్యూయార్క్‌లో ఒక వీధిముఠాకు నాయకుడు యాష్ లింక్స్, పదిహేడేళ్ళవాడు. చిన్నతనంలోనే అతణ్ణి చెరబట్టి తన అవసరాలకు మలుచుకున్నవాడు కార్సికన్ (ఫ్రాన్స్‌కు చెందిన కార్సికా ద్వీపపు) మాఫియా పెద్ద డినో గోల్జీనె. యాష్ అన్న గ్రిఫిన్ యుద్ధంలో మతి చలించి తోటి సైనికులనే కాల్చాడు. ‘బనానా ఫిష్’ అన్న మాట తప్ప మరేమీ పలకలేని స్థితిలో మిగిలాడు. ఆ మాట వెనక ఉన్నది మనిషి బుద్ధిని లొంగదీసే ఒక మత్తుమందు. ముఠాల మీద కథనం కోసం జపాన్ నుంచి వచ్చిన ఫొటోగ్రాఫర్ వెంట సహాయకుడిగా వచ్చిన ఎయిజి ఈ సుడిగుండంలో చిక్కుకుంటాడు.

అకిమి యోషిదా ఈ మాంగాను (జపాన్ బొమ్మల కథను) 1985లో మొదలుపెట్టి 1994లో ముగించారు. అందులో గ్రిఫిన్ వెళ్ళింది వియత్నాంకి. మాప్పా స్టూడియో 2018లో, హిరోకో ఉత్సుమి దర్శకత్వంలో, దీన్ని అనిమేగా తీసినప్పుడు కథాకాలాన్ని వర్తమానానికి జరిపారు. వియత్నాం ఇరాక్ అయింది. అందరి చేతికీ స్మార్ట్‌ఫోన్లు వచ్చాయి. మిగిలినదంతా దాదాపు ఉన్నదున్నట్టే. చొక్కా ఒక్కటే మార్చారన్నమాట.

నాకు ఇది మింగుడుపడలేదు. న్యూయార్క్‌లో 1990లో 2,200కు పైగా హత్యలు జరిగాయి. 2018లో 300 కూడా లేవు. ఆ పాత నగరంలో పదిహేడేళ్ళ కుర్రాడు తుపాకి పట్టుకుని పేటను ఏలాడంటే నమ్ముతాను. కొత్త నగరంలో భూగర్భ రైలులో ముఠాలు కాల్చుకుంటుంటే నాకు నిఘా కెమెరాలే గుర్తొచ్చాయి. మీరేమంటారు?

మాంగాప్రియ:
నేను మాంగా 19 సంపుటాలూ చదివాకే అనిమే చూశాను. అయినా మీతో ఏకీభవించను. అసలు ఆ పేరు ఎక్కడిది? జె.డి. సాలింజర్ 1948లో రాసిన కథలోది. రెండో ప్రపంచయుద్ధం నుంచి తిరిగొచ్చి, మనుషుల్లో ఇమడలేక తనను తానే కాల్చుకున్న సైనికుడి కథ అది. యోషిదా ఆ పేరును అక్కడి నుంచి వియత్నాంకు తెచ్చారు. ఉత్సుమి బృందం ఇరాక్‌కు తెచ్చింది. ఒక వలసను మెచ్చుకుని రెండో వలసను తప్పుపట్టడం ఏం న్యాయం?

లెక్క కూడా సరిపోయింది. 2018లో పదిహేడేళ్ళవాడికి వియత్నాంలో పోరాడిన అన్న ఉండడు. కాలం జరిపితే యుద్ధమూ జరగాల్సిందే.

రాత్రిబండి:
అన్నల వయసు లెక్క సరిపోయింది, మందు లెక్క సరిపోలేదు. 1971లో ఇద్దరు అమెరికన్ కాంగ్రెస్ సభ్యులు వియత్నాం వెళ్ళి వచ్చి, అక్కడి మన... క్షమించాలి, అమెరికా సైనికుల్లో 10 నుంచి 15 శాతం మంది హెరాయిన్‌కు బానిసలయ్యారని చెప్పారు. (ఈ సినిమాలు చూసీ చూసీ ‘మన సైనికులు’ అనేస్తున్నాను.) దానికి తోడు, అమెరికా గూఢచారి సంస్థ 1953 నుంచి ‘ఎంకే అల్ట్రా’ పేరుతో ఎల్‌ఎస్‌డీ అనే భ్రాంతులు కలిగించే మందును మనుషుల మీద, కొన్నిసార్లు వాళ్ళకు తెలియకుండానే, ప్రయోగించిన సంగతి 1975లో బయటపడింది. దాని దస్త్రాలు చాలామటుకు 1973లోనే ధ్వంసం చేశారు. యోషిదా కలం పట్టేనాటికి ఈ గాయం పచ్చిగా ఉంది. సైన్యం, మత్తు, ప్రభుత్వ రహస్యం అన్నీ ఒకే ముడిలో ఉన్నాయి. పాఠకుడికి ఎవరూ విప్పి చెప్పనక్కరలేదు. ఇరాక్ ఎడారిలో అదే మందును పెడితే అది కథకుడి కల్పనగానే మిగిలింది.

ఇక కార్సికన్లు. టర్కీ నల్లమందును ఫ్రాన్స్ రేవు మార్సెయిల్‌లో హెరాయిన్‌గా మార్చి న్యూయార్క్‌కు పంపిన ‘ఫ్రెంచ్ కనెక్షన్’లో వాళ్ళదే పెద్దచెయ్యి. అది 1970ల మొదట్లోనే దెబ్బతింది. 1985కే గోల్జీనె పాతకాలపు మనిషి. 2018లోనైతే అతను మ్యూజియంలో ఉండాలి.

క్వీన్స్ వాసి:
నేను పదకొండేళ్ళుగా న్యూయార్క్‌లోనే ఉంటున్నాను, కాబట్టి ఊరి గురించి ఒక మాట. మాఫియా లేకుండా పోలేదు గానీ, 1985 ముందున్న పెత్తనం ఇప్పుడు లేదన్నది నిజం. ఆ ఏడాది ఫిబ్రవరిలో ఇక్కడి మాఫియాను ఏలిన ఐదు కుటుంబాల పెద్దల మీద ఒకేసారి కేసు పెట్టారు. 1970లో వచ్చిన రికో చట్టం అందుకు ఆయుధం. తుపాకి పేల్చినవాణ్ణే కాదు, పేల్చమన్న యజమానినీ పట్టుకోవచ్చు. డిసెంబరు 16న ఆ పెద్దల్లో ఒకడైన పాల్ కాస్టెల్లానోను మాన్‌హాటన్‌లో ఒక రెస్టారెంట్ ముందే కాల్చి చంపారు. అంటే మాంగా మొదలైన సంవత్సరమే పాత మాఫియాకు అవసానకాలం. చైనాటౌన్‌లోని ‘ఘోస్ట్ షాడోస్’ ముఠా మీద కూడా అదే ఏడాది అదే చట్టం కింద కేసు పడింది. కథలో చైనీస్ ముఠా కుర్రాళ్ళు షార్టర్ వాంగ్, సింగ్ తిరిగే వీధులు అవే. కూలడానికి సిద్ధంగా ఉన్న ఇంట్లో జరిగే పెనుగులాట కాబట్టే మాంగాకు ఆ వేడి వచ్చింది.

ఇక ఇప్పటి ముఠాలంటారా? 2014 జూన్‌లో హార్లెమ్‌లో పోలీసులు దాడులు చేసి 103 మంది యువకుల మీద అభియోగాలు మోపారు. సాక్ష్యాల్లో పెద్ద వాటా వాళ్ళు ఫేస్‌బుక్‌లో రాసుకున్న రాతలది. కథలో హార్లెమ్ ముఠా నాయకుడు కెయిన్ బ్లడ్ ఉన్నాడు కదా, అతని చేతికి ఫోను ఇచ్చారు గానీ, ఆ ఫోనే అతణ్ణి పట్టిస్తుందన్న భయాన్ని మాత్రం ఇవ్వలేదు. నాకు కొరతగా అనిపించింది ఇదే. 2018కి రావడం తప్పు కాదు. వచ్చి కూడా ఇక్కడ కాపురం పెట్టలేదు.

గోదారిగట్టు:
అందరూ చరిత్ర పాఠం చెబుతున్నారు, కథ ఎవరి గురించో మరిచిపోయి! ఇది చిన్నప్పుడే పెద్దవాళ్ళు పాడుచేసిన ఒక పిల్లవాడి కథ. డబ్బూ హోదా ఉన్నవాళ్ళు పిల్లలను కొనుక్కోవడం, చట్టం చూసీ చూడనట్టు ఊరుకోవడం... దీనికి కాలదోషం పట్టిందా? అనిమే ముగిసిన ఏడు నెలలకు, 2019 జూలైలో, మైనర్ బాలికలను లైంగికంగా వాడుకున్నాడన్న ఆరోపణ మీద ధనికుడు జెఫ్రీ ఎప్స్టీన్‌ను అరెస్టు చేశారు. అతని మీద న్యూయార్క్‌లోనే కేసు. కథ 1985లోనే ఆగిపోయి ఉంటే చూసేవాళ్ళు ‘అయ్యో, ఆ రోజుల్లో ఎంత ఘోరం’ అనుకుని టీవీ కట్టేసేవాళ్ళు. ఇప్పటి వేషం వేయడం వల్ల ఆ తప్పించుకునే దారి మూసుకుపోయింది. కెమెరాలు లేవని గొణిగేవాళ్ళు కాసేపు యాష్ ముఖం చూడండి.

సందేహి:
గోదారిగట్టు గారూ, కోపం అర్థమైంది. పిల్లలను కొనుక్కునే గోల్జీనె ఖాతాదారుల విషయంలో మీ మాటకు ఎదురు చెప్పను. నా బాధ వేరే. కాలం మారినప్పుడు ముగింపు తేలిపోయింది. జపాన్ తిరిగి వెళ్ళిపోతున్న ఎయిజి రాసిన ఉత్తరాన్ని గ్రంథాలయంలో చదివి యాష్ విమానాశ్రయానికి పరుగెత్తుతాడు. దారిలో సింగ్ సవతి అన్న లావో పొడుస్తాడు. నెత్తురోడుతూ మళ్ళీ గ్రంథాలయానికే వెళ్ళి, ఆ ఉత్తరం మీద తల ఆన్చి ప్రాణం విడుస్తాడు. 1980లలో ఇది గుండె పిండుతుంది. 2018లో ఎయిజి ఫోనులో ఒక్క సందేశం పంపవచ్చు. చుట్టూ ఉన్న పదిమందిలో ఒకరు అంబులెన్సును పిలవవచ్చు.

మాంగాప్రియ:
1980లలో మాత్రం ఆ వీధిలో టెలిఫోన్ బూత్ లేదా? అప్పుడైనా ఇప్పుడైనా యాష్ సాయం అడగదలచుకోలేదు. అడిగి ఉంటే బతికేవాడేమోనన్నదే అసలు శూలం. ఉత్తరం సంగతి కూడా అంతే. తనను కలవడానికి యాష్ నిరాకరిస్తున్నాడు కాబట్టి ఎయిజి రాశాడు, సింగ్ చేతికిచ్చి పంపాడు. ఫోనులో సందేశమైతే యాష్ తెరవకుండా చెరిపేసేవాడు. కాగితాన్ని పారేయడం అంత తేలిక కాదు.

నిజానికి నాకు ముగింపే నచ్చలేదు, రెండు రూపాల్లోనూ. అంత నరకం దాటినవాణ్ణి లావో చేతిలో చంపడం నాకు ఇప్పటికీ అన్యాయంగానే తోస్తుంది. అది వేరే చర్చ.

రాత్రిబండి:
వేరే చర్చ అంటూనే పెద్ద బాంబు వేశారు. దానికి వేరే చర్చ మొదలుపెట్టండి, వస్తాను.

ఇక్కడికి మాత్రం ఒక మాట కలపాలి. 2017లో అమెరికాలో మత్తుమందులు మోతాదు మించి 70,000 మందికి పైగా చనిపోయారు. ఆ అక్టోబరులో ప్రభుత్వం ఓపియాయిడ్ల (నల్లమందు తరహా మందుల) వాడకాన్ని ప్రజారోగ్య అత్యవసర పరిస్థితిగా ప్రకటించింది. వైద్యులు రాసిచ్చిన నొప్పి మాత్రలతో మొదలై హెరాయిన్ దాకా వెళ్ళినవాళ్ళలో యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికులూ ఉన్నారు. 2018లో మత్తుమందు కథ చెప్పేవాడికి ఇంతకంటే నేల ఏం కావాలి? గ్రిఫిన్‌ను ఇరాక్ నుంచి తెచ్చినవాళ్ళు అతని మందును కూడా ఈ కాలం నుంచే తెచ్చి ఉంటే, గోల్జీనె వెనక కార్సికాకు బదులు ఒక మందుల కంపెనీ బోర్డు కనిపించేది. నా ఫిర్యాదు ఇది: మార్చారని కాదు, సగంలో ఆగారని.

క్వీన్స్ వాసి:
గ్రంథాలయం గురించి చిన్న సవరణ, ఎందుకంటే ఆ మెట్లు నేను వారంలో రెండుసార్లు ఎక్కుతాను. 42వ వీధి దగ్గర ఐదో అవెన్యూ మీదున్న భవనం అది, బయట రెండు రాతి సింహాలుంటాయి. మూడో అంతస్తులోని పెద్ద చదువుల గది 2014లో మూతపడింది. పైకప్పు నుంచి ఒక ప్లాస్టర్ పువ్వు ఊడిపడిందని మూసి, 2016 అక్టోబరులో తెరిచారు. గుమ్మం దగ్గర కాపలావాళ్ళు సంచులు చూస్తారు. నెత్తుటి చొక్కాతో లోపలికి వెళ్ళడం కష్టమేనని సందేహి గారి తరఫున ఒప్పుకుంటాను.

కానీ లోపల ఎవరైనా బల్ల మీద తల వాల్చి కదలకుండా ఉంటే? చుట్టుపక్కలవాళ్ళు నిద్రపోతున్నాడనుకుంటారు. అనిమేలోనూ అక్కడి ఉద్యోగి ఏదో మంచి కల కంటున్నావన్నట్టు మాట్లాడుతుంది. ఆ గదిలో అలా పడుకున్నవాళ్ళను నేను ఎన్నోసార్లు చూశాను. ఒక్కరినీ తట్టి లేపలేదు.

సందేహి:
గ్రంథాలయం మీకు వదిలేస్తున్నాను. రాత్రిబండి గారి మందుల కంపెనీ ఆలోచనకు నా ఓటు. కార్సికన్ల విషయంలో మాత్రం ఒక్క అంగుళం కదలను.