కొత్తగా చేరినవాళ్లు సందేహాలు అడగకుండానే మానేస్తున్నారు, ఏం చేయాలి?

హిమాయత్‌నగర్‌లో 14 మంది ఉన్న అకౌంట్స్ ఆఫీసులో టీమ్ లీడ్‌ని. ఈ ఏడాది ముగ్గురు కొత్తవాళ్లు చేరితే ఇద్దరు ఆరు వారాలైనా తిరక్కుండానే మానేశారు. జీతం గొడవ కాదు. వెళ్తూ ఒకమ్మాయి అన్నమాట ఇంకా గుచ్చుకుంటోంది: "అందరూ మంచోళ్లే సార్, కానీ ఎవర్ని కదిలించాలన్నా భయమేసేది."

అందర్నీ 1వ తేదీనే చేర్చుకుంటాం. నెలవారీ క్లయింట్లకి 11న జీఎస్టీఆర్-1 (అమ్మకాల వివరాలిచ్చే జీఎస్టీ రిటర్న్), 20న 3బీ (పన్ను లెక్క తేల్చి కట్టే రిటర్న్) గడువు. అప్పటిదాకా మాకు తలెత్తే తీరిక ఉండదు.

మొదటి రోజు అందరం కలిసి బిర్యానీ తిన్నాం. ఒక్కొక్కరికీ ఒక సీనియర్‌ని తోడు పెట్టాను. 5వ తేదీకల్లా ఆ సీనియరే హెడ్‌ఫోన్స్ పెట్టేసుకున్నాడు. సోమవారాలు పావుగంట నేనే కూర్చుని మాట్లాడినా "అంతా ఓకే సార్" తప్ప మాట రాదు. చేరే తేదీ 21కి మార్చమంటే మా సార్ ఒప్పుకోలేదు.

మిగిలిన కుర్రాడిది కరీంనగర్. నిన్న అతని నోట్‌బుక్ చూస్తే 11 సందేహాలు వరసగా రాసున్నాయి. మొదటిది: "2బీలో కనిపించని బిల్లుకి క్రెడిట్ తీసుకోవచ్చా?" (అంటే సరుకు అమ్మినవాళ్లు చూపించిన బిల్లులతో జీఎస్టీ పోర్టల్ ఇచ్చే పట్టికలో లేని బిల్లు మీద, కొన్నప్పుడు కట్టిన పన్నుని మినహాయించుకోవచ్చా అని.) రెండు నిమిషాల్లో చెప్పేది, పాపం. ఇతన్ని పోగొట్టుకోవడం నాకిష్టం లేదు.

ఇలాంటి గడువుల ఆఫీసుల్లో చేసినవాళ్లు చెప్పండి: ఆ 20 రోజుల్లో కొత్తవాళ్లు బెరుకు లేకుండా అడిగేలా మీ దగ్గర ఏ ఏర్పాటు నిజంగా పనిచేసింది?