ఫ్రిజ్ రిపేరు మనమే చేసుకోవచ్చా? ఎక్కడిదాకా?

ఓరుగల్లు_వాసి

మా ఇంట్లో సింగిల్ డోర్ ఫ్రిజ్. ఎండలు ముదిరాక కింది అరల్లో చల్లదనం తగ్గిపోయింది. పొద్దున కాచి పెట్టిన పాలు సాయంత్రానికే విరిగిపోతున్నాయి. పైన ఫ్రీజర్‌లో మాత్రం నాలుగు పక్కలా బెత్తెడు మందాన మంచు. మెకానిక్‌ని పిలిస్తే తలుపు తీసి ఒక్క చూపు చూసి "గ్యాస్ అయిపోయింది సార్, ఎక్కించాలి" అన్నాడు. గ్యాస్ లేకపోతే ఇంత మంచు ఎలా పడుతుందని అడిగితే జవాబు లేదు.

ఆయన్ని పంపించేసి ప్లగ్గు తీశాను. రాత్రంతా తలుపు తెరిచి ఉంచి మంచు కరగనిచ్చాను. తలుపు రబ్బరు ఒక మూల వంకర పోయింది. అక్కడ పది రూపాయల నోటు పెట్టి తలుపు మూస్తే, లాగగానే ఊడి వచ్చేస్తోంది. రబ్బరును గోరువెచ్చని నీళ్లతో తుడిచి, హెయిర్ డ్రయ్యర్‌తో కొంచెం వేడిచేసి సాగదీస్తే మళ్లీ అతుక్కుంది. ఇప్పుడు ఫ్రిజ్ బాగానే పనిచేస్తోంది.

నా వాదన ఏంటంటే, ఇళ్లలో ఫ్రిజ్‌కు వచ్చే ఇబ్బందుల్లో చాలావాటికి మెకానిక్ అక్కర్లేదు. డోర్ రబ్బరు, థర్మోస్టాట్ (చల్లదనాన్ని బట్టి మోటారును ఆపి నడిపే స్విచ్), రిలే (మోటారు మొదలయ్యేటప్పుడు ఊతమిచ్చే చిన్న స్విచ్), బల్బు, నీళ్లు పోయే రంధ్రం, వెనక కాయిల్ మీద దుమ్ము... ఇవన్నీ ఇంటివాళ్లు చూసుకోగలిగినవే. మనకు తెలియదు కాబట్టే ప్రతిదానికీ "గ్యాస్" అనే ఒక్క మాటతో సరిపెడుతున్నారు. మీరేమంటారు?

తెనాలి_మెకానిక్

అన్నా, మీరు చేసిన పని సరైనదే. అయితే దాన్ని నేను రిపేరు అనను, ఫ్రిజ్‌ను చూసుకోవడం అంటాను. అది అందరూ చేయాలి. ఒక విషయం మాత్రం సరిచేస్తాను. మంచు ఉంటే గ్యాస్ నిండుగా ఉన్నట్టే అనుకోకండి. గ్యాస్ కొంత లీకైతే ఫ్రీజర్‌లో ఒక మూల మాత్రమే మంచు పడుతుంది, మిగతా చోటు పొడిగా ఉంటుంది. మీకు నాలుగు పక్కలా పడింది కాబట్టి గ్యాస్ సమస్య కాదు. మందంగా పేరుకున్న మంచే చలిని కిందికి రానివ్వలేదు.

నా భయం వేరే. ఐటీఐలో రెండేళ్లు ఈ ట్రేడ్ చదివి, ఇదే పని చేసుకుని బతుకుతున్నాను. "ఇంట్లోనే చేసుకోవచ్చు" అన్న మాట విని జనం మొదట పట్టుకునేది చాకు. మంచు త్వరగా రావాలని పొడుస్తారు. సింగిల్ డోర్ ఫ్రిజ్‌లో ఫ్రీజర్ గోడే గ్యాస్ తిరిగే దారి. రెండు పల్చని అల్యూమినియం రేకులు అతికించి, మధ్యలో దారులు ఉబ్బించి చేస్తారు. చాకు మొన తగిలితే చాలు, బుస్సుమని గ్యాస్ పోతుంది.

పాత ఫ్రిజ్‌లలో ఆర్‌12 అనే గ్యాస్ ఉండేది, ఆ తర్వాత ఆర్‌134ఏ వచ్చింది. రెండూ అంటుకునేవి కావు. ఇప్పుడు కొత్తగా వచ్చే ఫ్రిజ్‌లలో ఎక్కువగా ఆర్‌600ఏ ఉంటోంది. అంటే ఐసోబ్యూటేన్. భూమిని వేడెక్కించే గుణం ఆర్‌134ఏతో పోలిస్తే చాలా తక్కువ కాబట్టి దీనికి మారారు, మంచిదే. కానీ మండుతుంది. గాలిలో 1.8 శాతం కలిస్తే చాలు, నిప్పురవ్వకు అంటుకుంటుంది. లెక్క వేసి చూడండి. 190 లీటర్ల ఫ్రిజ్ మూసి ఉంటే, లోపల 8, 9 గ్రాములు చేరినా ఆ హద్దు దాటుతుంది. మామూలు ఫ్రిజ్‌లో ఉండే గ్యాస్ అంతకు కొన్ని రెట్లు. పైగా గాలికన్నా బరువు కాబట్టి కిందకి దిగి నేల మీదే నిలుస్తుంది. పక్కనే స్టవ్ వెలుగుతూ ఉంటే?

పొడిచాక బుస్సుమని చప్పుడు వినిపిస్తే స్విచ్చులు ముట్టుకోవద్దు. స్టవ్, దీపం ఆర్పి, కిటికీలు తలుపులు తెరిచి బయటికి వచ్చేయండి. కరెంటు తీయాలంటే ఇంటి బయట ఉన్న మెయిన్ దగ్గర తీయండి.

నిజాంపేట_గృహిణి

తెనాలి అన్నయ్య చెప్పింది నిజమే. కానీ ఆ భయాన్ని చూపించే మమ్మల్ని ప్రతి చిన్నదానికీ ఫోన్ చేయిస్తున్నారు.

మా డబుల్ డోర్‌లో కూరగాయల ట్రే కింద రోజూ నీళ్లు నిలిచేవి. సర్వీస్ సెంటర్‌కి ఫోన్ చేస్తే వచ్చినందుకే ఛార్జీ. వచ్చిన అబ్బాయి "బోర్డు మార్చాలి మేడమ్" అన్నాడు. బోర్డు అంటే ఫ్రిజ్‌ను నడిపించే ఎలక్ట్రానిక్ సర్క్యూట్. నీళ్లకీ బోర్డుకీ సంబంధం ఏంటని అడిగితే కంప్యూటర్‌లో అలాగే చూపిస్తోంది అన్నాడు. నేను ఒప్పుకోలేదు. ఫ్రాస్ట్ ఫ్రీలో మంచు దానంతటదే కరిగి, వెనక గోడలో ఉన్న సన్నని రంధ్రం గుండా కంప్రెసర్ (గ్యాస్‌ను తిప్పే మోటారు) మీద ఉండే చిన్న గిన్నెలోకి వెళ్లి, ఆ వేడికి ఆవిరైపోవాలి. ఆ రంధ్రంలో కరివేపాకు రెబ్బ, కొత్తిమీర కాడ ఇరుక్కుంటే నీళ్లు వెనక్కి తిరిగి ట్రే కిందికి వస్తాయి. ప్లగ్గు తీసి, సన్నని ప్లాస్టిక్ గొట్టంతో మెల్లగా కదిపి, గోరువెచ్చని నీళ్లు పోశాను. అంతే.

రోజుకి ఎన్నోసార్లు ఆ తలుపు తీసేది మేము. మోటారు చప్పుడు మారినా, పెరుగు గిన్నె వెచ్చగా తగిలినా ముందు తెలిసేది మాకే. ఆ తెలివికి కొంచెం వివరం తోడైతే సగం ఖర్చు ఉండదు. బోర్డు మార్చడానికి ఒప్పుకుని ఉంటే డబ్బూ పోయేది, నీళ్లూ ఆగేవి కావు.

కరెంటాఫీసు_రిటైర్డ్

అందరూ గ్యాస్ గురించే మాట్లాడుతున్నారు. నా ఉద్యోగంలో నేను చూసిన ప్రమాదాలు కరెంటువి. ఫ్రిజ్ ఉండేది వంటింట్లో. తడి చేతులు, వట్టి కాళ్లు, నేల మీద నీళ్లు. "ఫ్రిజ్ ముట్టుకుంటే జిల్లుమంటోంది" అని నవ్వుతూ చెప్పేవాళ్లను చూస్తే నాకు కోపం వస్తుంది. అది ఇనుప బాడీలోకి కరెంటు వస్తోందని ఫ్రిజ్ చేస్తున్న హెచ్చరిక. చాలా ఇళ్లలో మూడు పిన్నుల ప్లగ్గులో లావుగా ఉండే ఎర్త్ పిన్ను విరగ్గొట్టి రెండు పిన్నుల సాకెట్‌లో పెడతారు. లేదంటే సాకెట్‌కు ఎర్త్ వైరే ఉండదు.

ఓరుగల్లు మిత్రుడు రిలే, థర్మోస్టాట్ కూడా ఇంటివాళ్ల పనే అన్నారు. నేను ఒప్పుకోను. ప్లగ్గు తీసి మార్చడం వరకు ప్రమాదం లేకపోవచ్చు. కానీ వైరు ఎక్కడ నలిగింది, కవరు సరిగ్గా బిగిసిందా, ఎర్త్ వైరు మళ్లీ కలిపారా అన్నది చూసే అలవాటు ఉండాలి. ఇన్వర్టర్ ఫ్రిజ్‌లో (అవసరాన్ని బట్టి మోటారు వేగం మార్చుకునేది) ఇంకో చిక్కుంది. 230 వోల్టులను డీసీగా మార్చాక బోర్డు మీద కెపాసిటర్లలో 300 వోల్టులకు పైనే నిలుస్తుంది. ప్లగ్గు తీసిన వెంటనే చెయ్యి పెడితే కొడుతుంది.

ఎవరు ఏం చేసినా ముందు ఇంటికి 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సప్లై ఆపేసే స్విచ్) పెట్టించండి. ఎర్త్ పిట్‌లో, అంటే ఎర్త్ వైరు దిగే గుంటలో, ఎండాకాలం నీళ్లు పోయండి. ఆ తర్వాతే స్క్రూడ్రైవర్ మాట.

డల్లాస్_తెలుగు

ఇక్కడ అమెరికాలో మా ఫ్రిజ్ మోడల్ నంబర్ కొడితే లోపలి ప్రతి పార్టు బొమ్మ, నంబరు, ధర వచ్చేస్తాయి. మంచు పేరుకుపోతుంటే దాన్ని కరిగించే డీఫ్రాస్ట్ హీటర్‌నూ దాని పక్కనే ఉండే చిన్న థర్మోస్టాట్‌నూ మీటర్‌తో చూసి, పోయిన థర్మోస్టాట్ తెప్పించి నేనే మార్చాను. నాకు ప్రత్యేకమైన నైపుణ్యం ఏమీ లేదు, సమాచారం దొరికింది. మన దగ్గర లేనిది అదే.

2022 జులైలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ రిపేరు హక్కు మీద ఒక కమిటీ వేసింది. అందులో ఎంచుకున్న రంగాల్లో గృహోపకరణాలు కూడా ఉన్నాయి. ఆ డిసెంబరులో పోర్టల్ కూడా పెట్టారు. మాన్యువల్, సర్క్యూట్ బొమ్మ, అసలు పార్టు దొరికితే "బోర్డు మార్చాలి" అని ఎవరూ బుకాయించలేరు. అందుకే నా ఓటు ఓరుగల్లు మిత్రుడికి.

కానీ ఇక్కడ కూడా ఆర్‌134ఏ లాంటి గ్యాస్ ఉన్న పైపులు విప్పే టెక్నీషియన్‌కు పర్యావరణ సంస్థ ఇచ్చే 608 సర్టిఫికెట్ ఉండాలి. ఆ గీత నేనూ దాటలేదు.

విశాఖ_కుర్రోడు

గ్యాస్ గురించి మరీ ఎక్కువ భయపెడుతున్నారు. ఆన్‌లైన్‌లో గేజు, పైపు, వాల్వు అన్నీ దొరుకుతున్నాయి. వంట గ్యాస్ ఎక్కించే వీడియోలు కూడా ఉన్నాయి. ఆర్‌600ఏ ఐసోబ్యూటేన్ అంటున్నారు, లైటర్‌లో పోసే డబ్బాలోనూ బ్యూటేనే కదా. మా పాత ఫ్రిజ్ ఎలాగూ పాత ఇనుముకే పోతుంది. దాని మీద ప్రయత్నిస్తే తప్పేంటి?

తెనాలి_మెకానిక్

తమ్ముడూ, దయచేసి చేయొద్దు. ఎందుకో వివరంగా చెబుతాను.

మొదటిది, నీ పాత ఫ్రిజ్ ఆర్‌134ఏది అయితే దాని థర్మోస్టాట్, డోర్ స్విచ్ మండే గ్యాస్ కోసం తయారు చేసినవి కావు. కంప్రెసర్ ఆగి మొదలైనప్పుడల్లా థర్మోస్టాట్ పాయింట్ల మధ్య చిన్న నిప్పురవ్వ వస్తుంది. ఆర్‌600ఏ ఫ్రిజ్‌లలో ఆ రవ్వ గ్యాస్‌కు తగలకుండా కట్టుదిట్టం చేస్తారు. పాతదాంట్లో అది లేదు. నువ్వు ఎక్కించిన గ్యాస్ రేపు లోపల లీకైతే, రాత్రి రెండింటికి ఎవరూ ముట్టుకోకపోయినా అంటుకోవచ్చు.

రెండోది శుభ్రత. వంట గ్యాస్‌లో ప్రొపేన్, బ్యూటేన్ ఎంతెంత అన్నది మారుతూ ఉంటుంది. వాసన కోసం గంధకం కలిసిన పదార్థం వేస్తారు. తేమ ఉంటే కేపిలరీ అనే సన్నని గొట్టం చివర అది గడ్డకట్టి దారి మూసేస్తుంది. ఫ్రిజ్ కాసేపు చల్లబడుతుంది, కాసేపు ఆగుతుంది. మంచు కరిగితే మళ్లీ మొదలవుతుంది. అలాంటి ఫ్రిజ్‌లు మా షాపుకి వస్తూనే ఉంటాయి.

మూడోది, అసలు పని గ్యాస్ ఎక్కించడం కాదు. ఫ్రిజ్‌లో గ్యాస్ ఖర్చయ్యేది కాదు. మూసేసిన పైపుల్లో ఏళ్ల తరబడి అదే తిరుగుతుంది. తగ్గిందంటే ఎక్కడో లీకు ఉంది. లీకు పట్టకుండా గ్యాస్ ఎక్కించడం పంక్చర్ వేయకుండా సైకిల్ ట్యూబులో గాలి కొట్టడమే. పద్ధతిగా చేయాలంటే పాత గ్యాస్ పూర్తిగా తీసేయాలి. నైట్రోజన్ పట్టించి సబ్బు నురగతో ప్రతి జాయింటూ చూడాలి. లీకు మూయాలి. ఫిల్టర్ కొత్తది వేయాలి. వాక్యూమ్ పంపు పెట్టి గాలీ తేమా లాగేయాలి. అప్పుడు ఫ్రిజ్ వెనక స్టిక్కర్ మీద ఎన్ని గ్రాములు రాసి ఉంటే అన్నే కాటా పెట్టి ఎక్కించాలి. 50 గ్రాములు పట్టే చోట 10 గ్రాములు ఎక్కువైనా తేడా కొడుతుంది. గేజు చూసి అందాజుగా ఎక్కించే పని కాదు.

ఇది మా వాళ్లకు కూడా చెబుతున్నాను. కాటా లేకుండా వచ్చి, ఫిల్టర్ మార్చకుండా, అరగంటలో గ్యాస్ ఎక్కించి వెళ్లేవాళ్లు ఉన్నారు. మళ్లీ ఎండాకాలానికి అదే ఫ్రిజ్, అదే గ్యాస్, మళ్లీ డబ్బు. నిజాంపేట అక్క కోపంలో న్యాయం ఉంది. అక్కా, ఎవరైనా "గ్యాస్ పోయింది" అంటే మూడు ప్రశ్నలు అడగండి. లీకు ఎక్కడుంది? ఫిల్టర్ మారుస్తున్నావా? ఎన్ని గ్రాములు? నీళ్లు నమిలితే పంపించేయండి. పని వచ్చినవాడికి ఆ ప్రశ్నలు నచ్చుతాయి.

విశాఖ_కుర్రోడు

అర్థమైంది అన్నా. థర్మోస్టాట్ సంగతి ఏ వీడియోలోనూ చెప్పలేదు. కిట్టు కొనను. ఐటీఐలో ఈ ట్రేడ్ సీట్లు ఉంటాయా అని మా ఊళ్లో కనుక్కుంటాను.

కరెంటాఫీసు_రిటైర్డ్

మంచి ఆలోచన బాబూ. 2019లో కేంద్రం తెచ్చిన కూలింగ్ యాక్షన్ ప్లాన్‌లో 2022-23 నాటికి లక్ష మంది సర్వీస్ టెక్నీషియన్లకు శిక్షణ ఇచ్చి సర్టిఫికెట్ ఇవ్వాలని లక్ష్యం పెట్టుకున్నారు. ఎండలు పెరిగేకొద్దీ ఈ పనికి గిరాకీ తగ్గదు.

నిజాంపేట_గృహిణి

ఒక సందేహం. మాది ఇన్వర్టర్ ఫ్రిజ్. కంప్రెసర్‌కి పదేళ్ల వారంటీ అని అమ్మేటప్పుడు చెప్పారు. మధ్యలో నేను వెనక రేకు విప్పి దుమ్ము తుడిస్తే వారంటీ పోతుందా?

తెనాలి_మెకానిక్

బయట దుమ్ము తుడిస్తే ఏమీ కాదు అక్కా. ఇప్పటి ఫ్రిజ్‌లలో చాలావాటికి వెనక కాయిల్ బయటికి కనిపించదు, పక్క గోడల లోపల ఉంటుంది. పక్కలు వేడెక్కడం అందుకే, కంగారు పడొద్దు. గోడకు ఆనించకుండా నాలుగు వేళ్ల సందు వదలండి. స్క్రూలు విప్పాలంటే మాత్రం ముందు వారంటీ కార్డు చదవండి. పదేళ్లు అన్నది తరచుగా కంప్రెసర్ అనే వస్తువుకే వర్తిస్తుంది. బోర్డు, గ్యాస్, కూలీ వేరేగా ఉంటాయి. ఇన్వర్టర్ కంప్రెసర్ వైర్లకు నేరుగా 230 వోల్టులు ఇచ్చి చూసేవాళ్లను దగ్గరికి రానివ్వకండి. అది బోర్డు ద్వారానే తిరుగుతుంది. నేరుగా ఇస్తే వైండింగ్ (మోటారు లోపలి తీగచుట్ట) కాలిపోవచ్చు.

ఓరుగల్లు_వాసి

గ్యాస్ ఉన్న పైపులు, ఇన్వర్టర్ బోర్డు మెకానిక్‌వే. ఇందులో నాకు వాదన లేదు. చాకు సంగతి మా ఇంట్లో అందరికీ చదివి వినిపించాను. కానీ కరెంటాఫీసు పెద్దాయనతో ఒక్క చోట విభేదిస్తాను. మామూలు కంప్రెసర్ మీద ఉండే రిలే, ఓవర్‌లోడ్ (మోటారు మరీ వేడెక్కితే ఆపేది) రెండూ పిన్నుల మీదినుంచి లాగి, తోసి పెట్టేవే. ప్లగ్గు తీసి, ఫోటో తీసుకుని, అదే నంబరు పార్టు తెచ్చి పెట్టుకోవడానికి భయం ఎందుకు? మీరు చెప్పిన ఎర్త్ వైరు, కవరు చూసుకోవడం కూడా నేర్చుకుంటాం. నేర్చుకోనివ్వకపోతే ఎప్పటికీ రాదు. రిలేను నా జాబితాలోంచి తీయను.

కరెంటాఫీసు_రిటైర్డ్

మీరు చేస్తారు, సరే. ఇది చదివి చేసే వందమందీ మీలాగే కవరు బిగిస్తారని నాకు నమ్మకం లేదు. నా మాట నేను మార్చుకోను.

తెనాలి_మెకానిక్

రిలే మార్చేవాళ్లు ఇదొక్కటి చేయండి. మోటారు "టక్" మని ఆగి కాసేపటికి మళ్లీ ప్రయత్నిస్తుంటే ముందు వోల్టేజీ చూడండి. పల్లెల్లో సాయంత్రం 160కి పడిపోతే మంచి కంప్రెసర్ కూడా లేవదు, స్టెబిలైజర్ కావాలి. వోల్టేజీ బాగుంటే ప్లగ్గు తీసి, రిలే లాగి, కంప్రెసర్ మూడు పిన్నుల మధ్య మీటర్‌తో ఓమ్స్ చూడండి. రెండు చిన్న అంకెలు కలిపితే మూడో పెద్ద అంకె రావాలి. వస్తే వైండింగ్ బాగున్నట్టే, రిలే కొత్తది వేసి చూడండి. ఏ ఒక్క పిన్నుకైనా కంప్రెసర్ బాడీకి మధ్య మీటర్ పలికితే మాత్రం ఇక ప్లగ్గు పెట్టొద్దు. మీ ఊళ్లో మెకానిక్‌కి ఫోన్ చేయండి.