వాన పడే సాయంత్రం ఘాట్‌లో కచేరీ: అమ్మ పట్టుచీర అంటోంది, ఏం కట్టుకుని వెళ్లాలి?

బ్రాడీపేట అమ్మాయి, గుంటూరు:

అందరికీ నమస్కారం. సెప్టెంబరులో విజయవాడ పున్నమి ఘాట్ దగ్గర జరిగే రెండు రోజుల సంగీతోత్సవానికి వెళ్తున్నాం. సాయంత్రం నాలుగింటి నుంచి రాత్రి పది దాకా కచేరీలు. వేదికకు కప్పు ఉంటుంది కానీ వినేవాళ్లకు ఉండదు. మేం నలుగురం: అమ్మ, నేను, డిగ్రీ చదివే తమ్ముడు, మా అక్క కొడుకు. వాడికి తొమ్మిదేళ్లు. గుంటూరు నుంచి బస్సులో వెళ్లి, రాత్రికి బస్సులోనే తిరిగి వస్తాం.

ఆ నెలలో వాన వస్తే కుండపోత, రాకపోతే ఉక్కపోత. కచేరీకి మామూలు చీరలో వెళ్లడమేమిటని అమ్మ కంచిపట్టు తీసి పెట్టింది. తమ్ముడు జీన్స్ తప్ప వేయనంటున్నాడు. నాకు తెల్ల చికన్ (లక్నో ఎంబ్రాయిడరీ) కుర్తా వేసుకోవాలని ఉంది. ఇలాంటి చోట్లకు తరచూ వెళ్లేవాళ్లు దయచేసి చెప్పండి. గొడుగు మేలా, రెయిన్‌కోటు మేలా అన్నది కూడా తెలియడం లేదు.

కృష్ణలంక అక్క:

చెల్లీ, తడవకుండా ఉండటం ఎలా అని ఆలోచిస్తే ఇది ఎటూ తేలదు. తడిసిన తర్వాత కూడా ఆ బట్టల్లో రెండు మూడు గంటలు పాట మీద మనసు పెట్టి కూర్చోగలమా అని ఆలోచించు. సగం చిక్కులు అక్కడే విడిపోతాయి.

మన వాన ఒణికించే వాన కాదు. సెప్టెంబరులో పగలు 32, 33 డిగ్రీలు ఉంటుంది. వాన కురిసిన రాత్రి కూడా 24, 25 దగ్గరే ఉంటుంది. గాలి నిండా తేమ కాబట్టి చెమట ఆరదు. ఆ పైన ప్లాస్టిక్ రెయిన్‌కోటు మెడ దాకా బిగిస్తే, బయటి నీళ్లు ఆగుతాయి కానీ లోపల చెమటతోనే తడిసిపోతావు. గొడుగు సంగతి వేరు. నువ్వు తడవవు, కానీ వెనక మెట్టు మీద కూర్చున్నవాళ్లకు వేదిక కనబడదు, పక్కవాళ్ల ఒళ్లో నీళ్లు కారతాయి. సంగీతం వినడానికి వచ్చిన మనిషి ముందు గొడుగు తెరవడం నాకు ఎంత మాత్రం నచ్చదు. దాన్ని బస్సు దిగి ఘాట్ దాకా నడిచేందుకు ఉంచుకో.

కూర్చున్న చోట వాడాల్సింది పోంచో. తల మీదుగా వేసుకుంటే భుజాల మీంచి మోకాళ్ల దాకా వేలాడుతుంది, పక్కలు తెరిచి ఉంటాయి కాబట్టి గాలి ఆడుతుంది, ఒళ్లోని సంచి కూడా దాని కిందే ఉంటుంది. ఒకసారి వాడి పారేసే పల్చటి రకం కొనొద్దు. మెడ దగ్గర లాగితే చిరుగుతుంది, ఆ ముక్కలన్నీ చివరికి కృష్ణలోకే చేరతాయి. కాస్త దళసరిది బీసెంట్ రోడ్డులో వెతుకు, ఇంటికి తెచ్చి మడిచి దాచుకోవచ్చు.

తెల్ల చికన్ మాత్రం వద్దమ్మా. నమ్మకం కుదరకపోతే ఇప్పుడే చూసుకో. కుర్తా అంచు కాస్త తడిపి, అరచెయ్యి దాని వెనక పెట్టు. గీతలు కనిపిస్తే ఆ బట్టతో వానలోకి వెళ్లకూడదు. ముదురు రంగుల్లో చిన్న చిన్న అచ్చులున్న నూలు కుర్తా వేసుకో. అచ్చు ఉన్న బట్ట తడిసినా ఒళ్లు తెలియనివ్వదు, బురద చుక్క పడినా కొట్టొచ్చినట్టు కనబడదు. నేల ఊడ్చే పలాజో, పొడుగు చున్నీ ఇంట్లోనే వదిలెయ్. అంచు నేలకు తగిలితే నీళ్లు మోకాలి దాకా పాకుతాయి. మడమ పైకి ఉండే ప్యాంటు చాలు.

మంగళగిరి నేతబట్టల దుకాణం:

అమ్మా, బట్టల వ్యాపారంలో ఉన్నవాణ్ని కాబట్టి మీ అమ్మగారి చీర గురించి చెబుతాను. పట్టు మీద వాన చుక్కలు పడితే ఆరాక మరకలు కనిపిస్తాయి, అంచు రంగు చీర ఒంట్లోకి దిగే ప్రమాదమూ ఉంది. తడిసిన కంచిపట్టు బరువుతో ఘాట్ మెట్లు ఎక్కడం పెద్దావిడకు కష్టం. అలాగని ఆవిడ కోరిక తీసిపారేయాల్సింది కాదు. కచేరీకి నిండుగా వెళ్లాలనుకోవడం కళాకారులకు ఇచ్చే గౌరవం. మా ఊరి నిజాం అంచు చీర చూపించండి. ఒళ్లంతా సాదా నూలు, అంచుకు జరీ. 80 కౌంటు నూలుతో, అంటే సన్నని దారంతో నేసిన చీర పల్చగా, తేలిగ్గా ఉంటుంది, చూపులకు పట్టుచీర పక్కన తీసిపోదు.

ఒక్క జాగ్రత్త. ఆ రోజు కట్టే చీరకు గంజి పెట్టొద్దు. గంజి పెట్టిన నూలు పొడిగా ఉన్నంతసేపే ఠీవి. నాలుగు చినుకులు పడ్డాయంటే ఆ గంజి కరిగి జిగురవుతుంది, కుచ్చిళ్లు ఒకదానికొకటి అంటుకుని కాళ్లకు చుట్టుకుంటాయి, నడుము దగ్గర చర్మానికి పట్టేస్తుంది. గంజి పోయేలా ఒకటి రెండు ఉతుకులు పడిన చీరే వానకు మంచిది. లోపలి లంగా కూడా నూలుదే, రెండు అంగుళాలు పొట్టిగా ఉండాలి.

ఇంకొకటి. ఇప్పుడు కాటన్ కుర్తీ అని కొంటున్న వాటిలో కొన్ని నిజానికి రేయాన్. చేతికి చల్లగా, జారుతున్నట్టు మెత్తగా ఉంటే అనుమానించండి, లోపలి చీటీ చదవండి. నూలు తడిస్తే దారం ఇంకా గట్టిపడుతుంది. రేయాన్ తడిస్తే దాని బలం దాదాపు సగానికి పడిపోతుంది, బరువెక్కి కిందికి సాగుతుంది.

కొండలెక్కే కుర్రాడు:

అక్కా, నేను ఒప్పుకోను. వానాకాలంలో నూలు వేసుకోవద్దని ట్రెక్కింగ్‌కు వెళ్లేవాళ్లం అందరం చెబుతాం. తడిసిన నూలు గంటల తరబడి ఆరదు. ఆటగాళ్లు వేసుకునే పాలిస్టర్ జెర్సీ అయితే పిండి దులిపితే అరగంటలో ఆరుతుంది. మీ తమ్ముడికి జీన్స్ మాన్పించి అది వేయించండి. తడిసిన జీన్స్ బరువు మోయలేం, తొడల దగ్గర ఒరుసుకుని చర్మం లేచిపోతుంది.

మంగళగిరి నేతబట్టల దుకాణం:

జీన్స్ విషయంలో బాబు చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. మిగతాది చోటును బట్టి ఉంటుంది. నూలు మామూలు గాలిలోంచే తన బరువులో 7, 8 శాతం తేమ పీల్చుకుంటుంది. పాలిస్టర్ అర శాతం కూడా పీల్చదు. అందుకే పాలిస్టర్ త్వరగా ఆరుతుంది, అందుకే అది కదలకుండా కూర్చున్నవారి చెమటను ఒంటి మీదే వదిలేస్తుంది. కొండ మీద చలిగాలికి తడి బట్ట ప్రమాదం, నడుస్తూ ఉంటారు కాబట్టి ఆరే బట్ట కావాలి. కృష్ణ ఒడ్డున ఉక్కలో ఆరు గంటలు కూర్చునేవారికి పల్చటి నూలే హాయి. కుర్రవాళ్లు జెర్సీ వేసుకుంటే తప్పేమీ లేదు, చిన్న చిన్న రంధ్రాల అల్లిక ఉన్నది చూసుకోవాలి.

బ్రాడీపేట అమ్మాయి:

అందరికీ ధన్యవాదాలు. నిజాం అంచు చీర పేరు చెప్పగానే అమ్మ మెత్తబడింది, తన దగ్గరే వంకాయ రంగుది ఒకటి ఉందట. తమ్ముడు జెర్సీకి సరే అన్నాడు. ఇప్పుడు రెండు సందేహాలు. చెప్పులు ఎలాంటివి? పిల్లవాడికి ఏం వేయాలి? వాడికి దోమ కుడితే ఒళ్లంతా దద్దుర్లు వస్తాయి.

కృష్ణలంక అక్క:

చెప్పుల విషయంలో బట్టలకన్నా ఎక్కువ పట్టుదలగా ఉండు. హవాయి చెప్పులు వద్దే వద్దు. తడి నేల మీద అడుగు తీసి అడుగు వేసేసరికి మడమ దగ్గర చెప్పు టపటపా కొట్టుకుని బురదను వెనక నుంచి నడుము దాకా చిమ్ముతుంది. మీ అమ్మగారి చీర వెనక భాగం ఏమవుతుందో ఊహించుకో. పైగా తడి మెట్ల మీద జారతాయి. తోలు చెప్పులు నాని సాగిపోతాయి, కాన్వాస్ బూట్లు మర్నాటికీ ఆరవు, మీది రెండు రోజుల కార్యక్రమం. మడమ వెనక పట్టీ ఉండి, అడుగున లోతైన గాడులున్న రబ్బరు శాండిల్స్ నలుగురికీ తీసుకో. కొత్తవైతే వారం ముందు నుంచే ఇంట్లో తొడుక్కుని తిరగండి. పట్టీ కరిచి పుండు పడిన కాలితో వాననీటిలో నడవకూడదు. ఎలుకల మూత్రం కలిసిన నీటి నుంచి లెప్టోస్పైరా జ్వరం అలాంటి గాయాల ద్వారా సోకవచ్చు. గాయం ఉంటే నీళ్లు లోపలికి పోని పట్టీ అంటించి బయలుదేరండి. ఇంటికి రాగానే సబ్బుతో కాళ్లు కడిగి, వేళ్ల సందులు పొడిగా తుడుచుకోవాలి.

పిల్లవాడికి లేత రంగు, వదులుగా ఉండే పొడుగు చేతుల నూలు చొక్కా, పల్చటి పొడుగు ప్యాంటు. బిగుతు బట్ట మీంచి దోమ కుడుతుంది, వదులుగా ఉంటే దాని ముల్లు చర్మానికి అందదు. మెడకు, పాదాలకు దోమల మందు రాసి పెట్టు, తడిసి తుడిచాక మళ్లీ రాయి. పైన వేసే పోంచో మాత్రం పసుపో నారింజో, కళ్లు చెదిరే రంగుది కొను. చీకట్లో, నది ఒడ్డున, జనంలో పిల్లవాణ్ని కళ్లతో పట్టుకోవాలంటే నాకు ఇంతకన్నా మంచి ఉపాయం కనబడలేదు.

అసలైన చలి కచేరీలో ఉండదు చెల్లీ, తిరుగు బస్సులో ఉంటుంది. తడి బట్టలతో ఏసీ బస్సు ఎక్కితే మంగళగిరి దాటేలోపు పళ్లు పటపటలాడతాయి. వెళ్లేటప్పుడే మామూలు బస్సు ఎంచుకోండి. మనిషికొక పొడి పై బట్ట, ఒక తువ్వాలు, అమ్మగారికి శాలువా గట్టి పాలిథిన్ సంచిలో పెట్టి మూతి ముడి వేయండి. ఈ సంచిని కచేరీ అయ్యేదాకా తెరవొద్దు, మధ్యలో ఎంత తడిసినా సరే. పండిట్ నెహ్రూ బస్‌స్టేషన్‌కు చేరాక మార్చుకోవచ్చు. తడివి వేసుకోవడానికి ఇంకో ఖాళీ సంచి ఉంచుకో.

చిన్న మాట, కుంకుమ బొట్టు వానకు కారి జాకెట్టు మీద పడుతుంది, ఆ పూటకు స్టిక్కర్ పెట్టుకోమను. పూలంటే కనకాంబరాలు పెట్టుకోండి, తడిసినా వాడినట్టు కనబడవు.

భవానీపురం వాసి:

ఇక్కడే ఉంటాను కాబట్టి చోటు గురించి రెండు మాటలు. మెట్ల అంచుల్లో, నీటికి దగ్గరగా పాచి ఉంటుంది. వాన మొదలైతే పిల్లవాణ్ని కింది మెట్లకు దిగనివ్వకండి, ఎంత మంచి శాండిల్ అయినా పాచి మీద నిలవదు. వీలైతే పై మెట్ల మీదే చోటు చూసుకోండి.

బయలుదేరే ముందు ప్రకాశం బ్యారేజీ వరద సమాచారం చూడండి. ప్రవాహం 3.97 లక్షల క్యూసెక్కులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 5.69 లక్షలకు రెండోది. 2024 సెప్టెంబరు మొదట్లో అది 11 లక్షలు దాటింది, అప్పుడు నగరం పడిన బాధ మీకు తెలుసు. మన ఊళ్లో వాన లేకపోయినా పైనుంచి నీళ్లు రావచ్చు. హెచ్చరిక ఉన్న రోజు ఘాట్ వైపు రావద్దు.

పిడుగుల సంగతి ఇంకా ముఖ్యం. మెరుపు కనిపించిన 30 సెకన్లలోపు ఉరుము వినిపిస్తే పిడుగు దగ్గర్లో ఉన్నట్టే. పాట మధ్యలో ఉన్నా లేవండి. గొడుగు మూసి, చెట్ల కిందికి కాకుండా పక్కా భవనంలోకి వెళ్లండి. చివరి ఉరుము తర్వాత 30 నిమిషాలు ఆగాకే బయటికి రావాలి. రబ్బరు చెప్పులు వేసుకుంటే పిడుగు ఏమీ చేయదని చాలామంది నమ్ముతారు, అది నిజం కాదు. ఫోనులో దామిని యాప్ పెట్టుకుంటే చుట్టుపక్కల పిడుగుల గురించి ముందే తెలుస్తుంది.

బ్రాడీపేట అమ్మాయి:

పిడుగుల గురించి మేం అసలు అనుకోనే లేదు, చాలా మేలు చేశారు. దామిని ఇప్పుడే పెట్టుకున్నాను. చివరిగా ఒకటి. చికన్ బదులు నా దగ్గర కొత్త పెడన కలంకారీ కుర్తా ఉంది, నీలం మీద ఇటుక రంగు ఆకులు. అరచేతి పరీక్ష చేశాను, గీతలు కనబడలేదు. కానీ తడిపిన చోట వేలికి కాస్త రంగు అంటింది. వేసుకోవచ్చా?

మంగళగిరి నేతబట్టల దుకాణం:

వేసుకోవచ్చమ్మా, ఇంకా సమయం ఉంది కదా. గుప్పెడు కల్లుప్పు వేసిన చన్నీళ్లలో విడిగా ఓ అరగంట నానబెట్టండి. సబ్బు వద్దు, పిండకుండా జాడించి నీడలో ఆరేయండి. వారానికోసారి అలాగే చేస్తూ, ప్రతిసారీ తడి కుర్తాను తెల్లటి పాతగుడ్డతో అద్ది చూడండి. గుడ్డకు రంగు అంటడం ఆగిపోయిందంటే వానకు సిద్ధమైనట్టే. కార్యక్రమం నాటికి ఇంకా అంటుతూ ఉంటే మాత్రం ఆ రోజు వద్దు. లేత రంగు చొక్కాతో మీ అక్క కొడుకు మీ ఒళ్లో కూర్చుంటే ఆకులన్నీ వాడి వీపు మీదికి దిగుతాయి. వచ్చాక అమ్మగారి చీరను ఆ రాత్రే సంచిలోంచి తీసి ఆరవేయించండి, జరీ అంచు తడి మడతలో ఉంటే నల్లబడుతుంది.